మా స్ట్రైకర్‌కు మిరపకాయ ఓటు

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో, జూలూరుపాడు నుంచి అడవివైపు వెళ్ళే రోడ్డు మీద నాకొక ఎస్టీడీ బూత్ ఉండేది. పసుపు బోర్డు, అద్దాల తలుపు, ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు పెట్టె, దాని పక్కన నేను. మా ఆయన ఖమ్మం మార్కెట్ యార్డులో గుమస్తా. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇంటికి చేరేవాడు. అంత ఖాళీ ఉన్న ఆడవాళ్ళు స్వెటర్లు అల్లుతారు, సీరియళ్ళు చూస్తారు. నేను ఫుట్‌బాల్ చూశాను. తప్పు నాది కాదు. బూత్‌కు సరిగ్గా ఎదురుగా హైస్కూలు గ్రౌండు ఉండేది. తలెత్తితే గోల్‌పోస్టే కనపడేది.

ఆ గోల్‌పోస్టులకు తెల్లరంగు అవసరానికి మించి వేసి ఉండేది. అవి అడవిలో ఎవరినీ అడక్కుండా కొట్టుకొచ్చిన టేకు దుంగలు. ఫారెస్టు వాళ్ళ జీపు అటుగా వచ్చినప్పుడల్లా మావాళ్ళు ఆట ఆపి, రెండు టీములూ కలిసి పోస్టులకు ఆనుకుని నిలబడి, ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగేవాళ్ళు. గోల్‌పోస్టును అంతమంది కలిసి కాపాడిన ఊరు ఇంకోటి ఉంటుందనుకోను.

మొదట్లో నాకు ఆఫ్‌సైడు అర్థమయ్యేది కాదు. గోల్ పడ్డాక కూడా చెల్లదంటే ఇదేం దౌర్జన్యమని ఒకసారి బూత్ వదిలేసి రోడ్డు దాటి వెళ్ళి రిఫరీని నిలదీశాను. ఆయన విజిల్ నోట్లోంచి తీసి, నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, ఫోన్ మోగుతుంది" అన్నాడు. ఫోనేమీ మోగడం లేదు. ఆ కోపంతోనే ఆట మొత్తం నేర్చుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి ఎవరు ఏ కాలితో కొడతారో, ఎవరికి తలతో కొట్టడమంటే భయమో, బంతి రాకపోయినా ఎవరు కిందపడి మూలుగుతారో నాకు తెలిసినంతగా వాళ్ళ ఇళ్ళలో వాళ్ళకు కూడా తెలియదు.

నా బూత్‌ను ఆనుకునే ఒక టైలరు షాపు. ఆ టైలరును ఊరంతా చాచా అనే పిలిచేది. మా టీము జెర్సీలు కుట్టేది ఆయనే. రెండు షాపుల ముందు పొడుగాటి చెక్క బెంచీ ఒకటి ఉండేది. మా టీము అభిమానులందరికీ అదే కచేరీ. అందులో ముఖ్యులు ముగ్గురు. ఒకరు చాచా. రెండోవారు డ్రిల్ సార్. హైస్కూల్లో రిటైరై, టీముకు మాత్రం రిటైరు కాని మనిషి. మూడో అతను ఆటో డ్రైవర్. ఖమ్మం యార్డుకు పత్తీ, మిర్చీ చేరవేసేవాడు, మిగతా సమయమంతా వాదించేవాడు. వీళ్ళతో పాటు ఇంకో ఐదుగురు ఉండేవాళ్ళు కానీ, ఈ ముగ్గురూ మాట్లాడుతుంటే వాళ్ళకు సందు దొరికేది కాదు.

ఇక మా స్ట్రైకర్. మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న తండా కుర్రాడు. నన్ను అక్కా అనేవాడు. బంతి కాలికి తగిలిందంటే ఇక అది అతని ఇంటి మేకపిల్లే, ఎటు పోతే అటు వెంట వచ్చేది. పాల్వంచ టీము మీద కార్నర్ దగ్గర్నుంచి కొట్టిన ఒక గోల్ గురించి మా బెంచీ మీద ఏడాదిపాటు మాట్లాడుకున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. రిఫరీతో గొడవ, లైన్ దగ్గర నిలబడ్డవాళ్ళతో గొడవ, బంతి ఆలస్యంగా ఇచ్చారని సొంత టీము వాళ్ళతో గొడవ. ఒకసారి ఎదురుగా ఎవరూ దొరక్క కార్నర్ జెండాతో గొడవ పడి దాన్ని విరిచేశాడు.

ఒక వేసవి టోర్నమెంటు ఫైనల్లో డ్రిల్ సార్‌తోనే గొడవపడ్డాడు. మొదటి సగం అయ్యాక "నువ్వొక్కడివే ఆడుతున్నవురా, పక్కనోళ్ళకు పాస్ ఇయ్యి" అన్నారాయన. అంతమాత్రానికే ఇతను జెర్సీ విప్పి సార్ మొహాన కొట్టి, బనీను మీదే రోడ్డెక్కి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు. మావాళ్ళు పదిమందితో ఆడి మూడు గోల్స్ మింగారు. తర్వాతి సీజన్లో అదే మనిషి సత్తుపల్లి టీములో తేలాడు. అక్కడ బొగ్గు ఓపెన్‌కాస్ట్ గని దగ్గర ఒక కాంట్రాక్టరు పని ఇప్పించాడట. సరే, పొట్టకూటి కోసం వెళ్ళాడనుకుందాం. మా మీదే రెండు గోల్స్ కొట్టి, మా బెంచీ వాళ్ళున్న వైపే పరుగెత్తుకొచ్చి, మా ఎదురుగా నిలబడి తొడ కొట్టాడు. అది ఎవరం మరిచిపోలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. చేతిలో ఉన్న వేరుశనక్కాయల పొట్లం విసిరాను కానీ అంతదూరం పోలేదు.

ఇది జరిగిన ఏడాదికి ఆటో డ్రైవర్ ఒక వార్త మోసుకొచ్చాడు. సత్తుపల్లి టీము అతన్ని పక్కన పెట్టేసిందట. బస్టాండులో బ్యాగు పట్టుకుని కూర్చుంటే తన కళ్ళతో చూశాడట. "మనకాడికే వస్తడు, రాసి పెట్టుకోండ్రి" అన్నాడు.

అంతే, నెల రోజులపాటు మా బెంచీకి వేరే పని లేదు. పిలవాలా, వద్దా? పిలిస్తే ఏ షరతు మీద? క్షమాపణ అందరి ముందా, డ్రిల్ సార్ ఇంట్లోనా? తొమ్మిదో నంబరు జెర్సీ ఇవ్వాలా, పన్నెండోది ఇచ్చి ముందు సబ్‌స్టిట్యూట్‌గా పక్కన కూర్చోబెట్టాలా? ఆటో డ్రైవర్ ఎప్పుడూ రమ్మనే పక్షం. అందుకు తగిన కారణం కూడా ఉంది. అప్పటి మా స్ట్రైకర్ ఎరువుల కొట్టాయన బావమరిది. గోల్‌పోస్టు తప్ప మిగతా అన్నిటినీ కొట్టేవాడు, మేకలతో సహా. డ్రిల్ సార్‌ది వద్దనే పక్షం. "నేను బతికుండంగ వాడు ఈ గ్రౌండ్ల కాలు పెట్టడు" అనేవారు. చాచా మెత్తని మనిషి. "పిల్లగాడు సార్, పోనీయిండ్రి, పిలుద్దాం" అంటూ టేపు మెడలో వేసుకుని నచ్చజెప్పేవాడు.

నాకు మాత్రం ఇంకో చిక్కు ఉండేది. అది చెప్పాలంటే పీపీ నంబరు సంగతి చెప్పాలి. ఫోన్ లేని ఇళ్ళవాళ్ళు బంధువులకు బూత్ నంబరే ఇచ్చేవాళ్ళు. ఫలానా వాళ్ళను పిలవండి అని ఫోనొస్తే, మేము రిసీవరు పక్కన పెట్టి, మనిషిని పంపి పిలిపించేవాళ్ళం. మా స్ట్రైకర్ ప్రతి ఆదివారం అలాగే చేసేవాడు. ఆదివారం మా ఊళ్ళో సంత. వాళ్ళమ్మ తండా నుంచి చింతపండు, కందులు తెచ్చి అమ్ముకునేది. సత్తుపల్లి నుంచి ఫోను. "అక్కా, మా అమ్మను పిలువు." అంతే. నెలలు గడిచినా అదే మాట. మా టీము గెలిచిన వారమూ అదే, ఓడిన వారమూ అదే. ఎట్లున్నవక్కా అని కూడా లేదు. బూత్ తెరిచిన రోజు నుంచి నాకొక నియమం ఉండేది. ఫోన్లో ఎవరు ఎవరితో మాట్లాడినా బయట పెదవి విప్పకూడదు. కాబట్టి అతను ఫోన్ చేస్తున్నాడని బెంచీ మీద ఎవరికీ చెప్పలేదు. చెప్పలేక కడుపు ఉబ్బిపోయేది.

ఆ ఆదివారం కూడా పదింటికి ఫోనొచ్చింది. "అక్కా, అమ్మను పిలువు. ఆఫీసు ఫోనే, కాంట్రాక్టరు లేడు. లైన్ల ఉంటా, జల్దీ ఏం లేదు" అన్నాడు. సంతకు పోతున్న గాజులామెతో వాళ్ళమ్మకు కబురు చెప్పి, రిసీవరును బల్ల మీద పడుకోబెట్టాను. సరిగ్గా అప్పుడే బయట డ్రిల్ సార్ లేచి నిలబడి, నెల రోజుల నుంచి నానుతున్న వ్యవహారం ఈ రోజుతో తేలిపోవాలి, ఓటింగ్ పెడదాం అన్నారు. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. నేను ఫోన్ సంగతి మరిచిపోయాను. ఇంతకంటే సమర్థించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఓటు రహస్యంగా ఉండాలన్నది డ్రిల్ సార్ పట్టుదల. ఆటో డ్రైవర్ తన ఆటో వెనక దులిపి గుప్పెడు ఎండు మిరపకాయలు, కొంచెం పత్తి తెచ్చాడు. చాచా షాపులో కొలతలు తీసుకునేచోట ఒక పరదా ఉంటుంది. పరదా వెనక బల్ల మీద రెండు కుప్పలు. రమ్మనేవాళ్ళు దూది, వద్దనేవాళ్ళు మిరపకాయ తీసి, గుడ్డముక్కలు వేసే సంచిలో వేయాలి. మనిషికి ఒక్కటే.

"మరి నాకో?" అన్నాను.

బెంచీ మీద వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆటో డ్రైవర్ గొంతు సవరించుకుని, "నువ్వు ఆడమనిషివి గదమ్మా, ఆటల సంగతి..." అన్నాడు.

"మీరు ఆదివారం ఆదివారం వచ్చి చూసేటోళ్ళు. నేను రోజూ ప్రాక్టీసు కూడా చూస్త. ఆఫ్‌సైడంటే ఏందో చెప్పు చూద్దాం ఇప్పుడు. తప్పు లేకుంట చెప్తే నాకు ఓటొద్దు."

అతను చెప్పడం మొదలుపెట్టి మధ్యలో చిక్కుకుపోయాడు. నాకు ఓటొచ్చింది.

ఓటుకు ముందు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చన్నారు. ఇక చూడాలి. ఒక్కొక్కరు లేచి అతన్ని దులిపేశారు. పొగరుబోతన్నారు, నమ్మకద్రోహి అన్నారు, అన్నం పెట్టిన చెయ్యి కరిచాడన్నారు. విచిత్రమేమిటంటే తిట్టేవాళ్ళు కూడా గోల్స్ దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోయారు. "మనిషి మంచోడు కాదు, కానీ పాల్వంచ మీద కొట్టిన గోలున్నదే..." అని ఒకాయన. అది ఎడమ కాలితో కొట్టాడని ఈయన, కాదు కుడి కాలని ఇంకొకాయన. తిట్టడానికి లేచినవాళ్ళు అలా పావుగంట సేపు గోల్స్ లెక్కపెట్టుకుంటూ ఉండిపోయారు. రోడ్డు మీద పోయేవాళ్ళు వింటే సన్మానసభ అనుకునేవాళ్ళు.

నా వంతు వచ్చింది. చెప్పకూడదని నెలల తరబడి బిగబట్టుకున్నది కట్ట తెగినట్టు బయటికొచ్చింది.

"అతను ప్రతి ఆదివారం నా బూత్‌కు ఫోన్ చేస్తడు. మీకెవరికీ తెల్వదు. ఇన్ని నెలల సంది ఒక్కసారన్న మన టీం ఎట్లుందక్కా అని అడిగిండా? గెలిచిన్రా, ఓడిన్రా, సచ్చిన్రా, ఏం లేదు. కుడికాలు బంగారమే, నేను కాదన. మనసే లేదు. మనసు లేనోడు ఎన్ని గోల్స్ కొడితే మనకేంది?"

నాకే కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులోనే పరదా వెనక్కి వెళ్ళి, కుప్పలో అన్నిటికంటే పొడుగాటి మిరపకాయ ఏరి సంచిలో వేశాను.

అందరి ఓట్లూ పడ్డాక సంచి బోర్లించారు. మిరపకాయలు ఐదు, దూది నాలుగు. రహస్యమనుకున్న ఓటు ఎంతసేపు నిలిచింది! అలవాటుగా కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్న చాచా ఒక్కసారిగా కెవ్వుమని నీళ్ళ కుండ దగ్గరికి పరుగెత్తాడు. నెల రోజులుగా పిలుద్దాం పిలుద్దాం అన్న మనిషి వేసింది మిరపకాయ! మొహం కడుక్కుంటూ, "ఆట గురించి కాదు బేటా... నేను కుట్టిన బట్టను మట్టిల పడేసిండు. నాలుగు రోజులు కుట్టిన" అన్నాడు. అందరం ఇంకా తేరుకోకముందే ఆటో డ్రైవర్ డ్రిల్ సార్ మీసం వైపు వేలు చూపించాడు. మీసానికి దూది పోగొకటి అంటుకుని గాలికి ఊగుతోంది. బతికుండగా గ్రౌండులో కాలు పెట్టనివ్వనన్న మనిషి రమ్మని ఓటేశారు. ఆయన దాన్ని తుడుచుకుని, "దుమ్ము" అన్నారు.

ఆ లెక్కన నా మిరపకాయే తూకం తిప్పిందని నాకు అర్థమైంది. ఒప్పుకుంటాను, ఆ క్షణంలో గర్వంగానే అనిపించింది.

అప్పుడే వాళ్ళమ్మ సంత నుంచి వచ్చింది. ఎర్రటి ఓణీ మీద చింతపండు మరకలు, చేతిలో తక్కెడ. "బేరం తెగలేదు బిడ్డా, ఆలస్యమైంది. ఏది ఫోను?" అంది.

"ఎవరి ఫోను?" అన్నారు డ్రిల్ సార్.

"నా కొడుకుది. గాజులామె చెప్పింది."

నేను బల్ల వైపు చూశాను. మా బెంచీకి రెండు చేతుల దూరంలో, తెరిచి ఉన్న అద్దాల తలుపు పక్కన, రిసీవరు వెల్లకిలా పడుకుని ఉంది. అరగంట నుంచి. ఎనిమిది మంది మగవాళ్ళూ నా చూపు వెంటే చూశారు. ఆటో డ్రైవర్ మెల్లగా లేచి, ఖమ్మం కిరాయి ఉందని గొణిగి, తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని వాళ్ళ భాషలో మాట్లాడింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో ఒకసారి మమ్మల్ని అందరినీ వరసగా చూసింది. తర్వాత నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసి చాలాసేపు వింది. చివరికి రిసీవరు నా చేతికిచ్చి, "నీతోటి మాట్లాడుతడంట" అని గడప మీద కూర్చుంది.

తీసుకోక తప్పలేదు. "ఆ" అన్నాను.

"అక్కా, అంతా విన్న."

"పెట్టెయ్యొచ్చు గదా! ఎందుకు విన్నవు?" అన్నాను. నా తప్పుకు కూడా అతని మీదే కోపం.

"పెట్టెయ్యబుద్ధి కాలే. ఈడ నా తోటి ఎవరూ గంతసేపు మాట్లాడరు. తిట్టను గూడ తిట్టరు." మళ్ళీ అందుకుని, "టీం ఎట్లుంది అని అడుగుదామని ప్రతి ఆదివారం అనుకుంట. గెలిచిన్రు అంటవేమోనని భయం. ఓడిన్రంటే ఇంక భయం. అందుకే అడగలే" అన్నాడు.

ఎంత తేలిగ్గా మనసు లేనివాడనేశాను! కానీ ఓటు అయిపోయింది, ఫలితం కూడా అతను విన్నాడు. "చూడు తమ్ముడూ, ఇంకోసారి పెట్టమని సార్‌కు చెప్త. నా ఓటు మారుస్త" అన్నాను.

"వద్దక్కా. నేను ఆడెటందుకు అడుగుతలేను. మోకాలు పోయింది."

"మోకాలు పోయిందా?" అని గట్టిగా అరిచేశాను. బెంచీ అంతా లేచి నిలబడింది.

"ఆరు నెలలైంది. డాక్టరు ఇంక ఆడొద్దన్నడు. అందుకే పక్కన పెట్టిన్రు. అమ్మకు గూడ ఇప్పుడే చెప్పిన. ఆ బస్టాండ్ల కూసున్న రోజు మన ఊరికే వద్దామని బయలెల్లిన. ఎవరేమంటరో అని మళ్ళ వాపస్ పోయిన. ఆడ మీ పక్కన కూసోని మ్యాచ్ చూస్తే ఊకుంటరా అక్కా? గంతే. సార్‌ను అడిగి చెప్పు."

నెల రోజులు వాదించాం. జెర్సీ నంబరు నుంచి క్షమాపణ చోటు దాకా అన్నీ ఆలోచించాం. ఆడటానికి కాక వేరే దేనికైనా అతను తిరిగి రావాలనుకోవచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గేసింది. మాట్లాడటం చేతగాక రిసీవరును డ్రిల్ సార్ ముందుకు చాపాను.

ఆయన వెంటనే తీసుకోలేదు. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నారు. అప్పుడు అందుకుని, హలో అనకుండా, పేరు కూడా పిలవకుండా, "ఏ మోకాలురా?" అన్నారు.

అటునుంచి ఏదో చెప్పాడు. సార్ కళ్ళు మూసుకున్నారు. రిసీవరును జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టి, మా వైపు తిరిగి, ఇంట్లో మనిషి పోయిన వార్త చెప్పినట్టు, "కుడిది" అన్నారు.

చాచా "యా అల్లా" అని కూలబడ్డాడు. ఆటో డ్రైవర్ ఖమ్మం కిరాయి సంగతి మరిచి తాళంచెవి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వాళ్ళమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, "వస్తడా, రాడా? నాకు బేరాలున్నయి, ఏదో ఒకటి చెప్పుండ్రి" అంది.

"వస్తడు" అన్నారు డ్రిల్ సార్.

"వచ్చే ఆదివారం నేనే పోయి తీస్కొస్తా, నా ఆటోల" అన్నాడు ఆటో డ్రైవర్.

"నీ ఆటోల మోకాలు నొప్పున్నోన్ని సత్తుపల్లి నుంచి తెస్తవా? ఉన్న రెండోది గూడ పోతది. బస్సుల రావాలె" అన్నారు సార్.

"బస్సుల సీటు దొరుకుతదా సార్, నిలబడి వస్తడా గంతదూరం?"

"నేను ముందురోజే పోయి వానికి సీటు పట్టుకోని కూసుంట" అన్నాడు చాచా, ఎర్రబడ్డ కళ్ళతో.

"నీకు ఆదివారం గిరాకీ లేదా?"

"గిరాకీ ఎటు పోతది?"

మళ్ళీ మొదలైంది. ఆటోనా, బస్సా, ఎవరు పోవాలి, ఎన్నింటికి బయలుదేరాలి, మ్యాచ్ అప్పుడు ఎండ పడకుండా ఏ పక్కన కూర్చోబెట్టాలి. ఎనిమిది గొంతులు ఒకదాని మీద ఒకటి. వాళ్ళమ్మ తక్కెడ తీసుకుని సంతకు వెళ్ళిపోయింది. బల్ల మీద రిసీవరు అలాగే ఉంది. ఫోన్ పెట్టేయాలని నాకు గుర్తుంది. ఈసారి కావాలనే పెట్టలేదు. దాన్ని ఇంకొంచెం బెంచీ వైపు జరిపాను.